అద్దాల గది ఎవరి చేతికి

మార్చి నెలాఖరులో ఆ శుక్రవారం మధ్యాహ్నం భూమి కదిలినప్పుడు సుధామణి కుట్టు మిషను ముందు కూర్చుని ఒక స్కూలు చొక్కాకి కాలరు అతుకుతోంది. ముందు తనకే కళ్ళు తిరుగుతున్నాయనుకుంది. పొద్దుట టీ తప్ప ఏమీ తీసుకోలేదు. అంతలో నెత్తి మీద పైకప్పు అద్దాలన్నీ ఒక్కసారి గలగలమన్నాయి. చేతిలో చొక్కా చేతిలోనే ఉండగా వీధిలోకి పరిగెత్తింది. సూదిలోంచి ఊడిన దారం గుమ్మం దాకా వెంట వచ్చింది. పక్కింటి బర్మా ఆవిడ డౌ న్యో అప్పటికే నేల మీద చతికిలబడి బుద్ధుణ్ణి తలుచుకుంటోంది. కదలడం ఆగాక కూడా ఇద్దరూ కాసేపు ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని అక్కడే కూర్చున్నారు.

లోపలికి వెళ్ళి చూస్తే పైకప్పులోంచి రెండు అద్దాలు ఊడి మిషను మీద పడి ఉన్నాయి. పక్కల్లో ఏడు అద్దాలు చీలాయి. తను కూర్చునే స్టూలు మెత్తలో అరచేయంత గాజు ముక్క నిలువుగా దిగబడి ఉంది. ఆ ముక్కని లాగి చెత్తబుట్టలో పడేసింది గాని ఆ సంగతి ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. చెబితే ఆ గదిలో కుట్టొద్దంటారు. కుట్టకపోతే గడవదు.

బర్మాలో నగరానికి నది ఇవతలున్న తన్లిన్‌లో ఆ వీధి వాళ్ళు వాళ్ళ ఇంటిని హ్మన్-ఎయిన్ అంటారు. బర్మా భాషలో ఆ మాటకి అద్దాల ఇల్లనీ వస్తుంది, లాంతరనీ వస్తుంది. ఇంటికి తూర్పు పక్కన, గోడకి ఆనించి కట్టిన అద్దాల గది వల్ల ఆ పేరొచ్చింది. దాన్ని కట్టినవాడు సుధామణి మామగారు పోలయ్య. ఆయన నూనె శుద్ధి ఫ్యాక్టరీలో గొట్టాలు అతికే పని చేసేవాడు. పాతకాలపు దొరల బంగళా ఒకటి పడగొడుతుంటే దాని కిటికీలు చవగ్గా కొని, సైకా రిక్షాలో రోజుకి రెండు చొప్పున ఇంటికి చేర్చాడు. పోగైన టేకు చట్రాలతో తనే గది నిలబెట్టాడు. ఎందుకని అడిగితే సరైన జవాబు ఎప్పుడూ చెప్పలేదట. పనిలోంచి వచ్చాక అందులో కూర్చుని చుట్ట కాల్చుకునేవాడు.

సుధామణిది నది అవతల నగరంలోని పజుండౌంగ్. తాతలు శ్రీకాకుళం వైపు నుంచి రేవులో మూటలు మోయడానికి వచ్చినవాళ్ళు. ఇరవై రెండో ఏట ఈ ఇంటి కోడలై నది దాటి వచ్చింది. మామగారు పోయాక ఆ గదిలోకి తన కాలి మిషను చేర్చుకుంది. తెలుగింటి ఆడవాళ్ళకి జాకెట్లు, బర్మా ఆడవాళ్ళకి ఎంజీలనే రవికలు, బడి పిల్లలకి తెల్ల చొక్కాలు, ఆకుపచ్చ లుంగీలు. ముప్పై ఏళ్ళుగా అదే పని. ఈ నాలుగేళ్ళలో ఆ గది విలువ ఇంకా పెరిగింది. ఊళ్ళో కరెంటు నాలుగు గంటలుంటే ఎనిమిది గంటలుండదు. మిగతా దర్జీలు దీపాల కింద కళ్ళు చిట్లించుకుంటుంటే సుధామణి పొద్దు పొడిచిన దగ్గర్నుంచి పొద్దు వాలే దాకా మామగారి అద్దాల కింద సూదిలోకి దారం ఎక్కించుకోగలదు.

గది మాత్రం భూకంపానికి ముందే ముసలిదైపోయింది. కింది దూలాన్ని చెద తింటోంది. అద్దాలు పట్టి ఉంచే పుట్టీ పెళుసెక్కి రాలుతోంది. వానాకాలంలో మూడు గిన్నెలు, ఒక బకెట్టు పెట్టుకుని కుట్టేది. ప్రతి ఎండాకాలం మార్పిద్దామనుకోవడం, ఏదో ఒక ఖర్చు అడ్డం రావడం. ఇప్పుడిక వాయిదా వెయ్యడానికి లేదు. జూన్‌లో బళ్ళు తెరుస్తారు. మే నెల సగం దాటితే వానలు పడతాయి. ఏడాది మొత్తం మీద ఆమెకి పని ఎక్కువ వచ్చేది కూడా ఈ రెండు నెలల్లోనే.

ఆ సాయంత్రం భర్త చంద్రరావు డ్యూటీ నుంచి వచ్చాడు. ఓడల కంపెనీలో పని పోయిన తర్వాత ఆయన రేవు దగ్గర ఒక గోదాముకి కాపలా కాస్తున్నాడు. పని పోవడంతో పాటు మాట కూడా సగం పోయింది. గదిని గుమ్మంలోంచి చూసి, చెప్పులు విప్పి, మంచినీళ్ళు తాగాడు.

"ఎవుల్ని పిలుద్దాం?" అంది సుధామణి.

"నీ ఇష్టం" అన్నాడు ఆయన.

ఆ మాట విని విని ఆమెకి విసుగు కూడా రావడం మానేసింది. బియ్యం ఏ కొట్లో తేవాలన్నా, అమ్మాయి మల్లికకి వచ్చిన సంబంధానికి ఏం చెప్పాలన్నా అదే మాట. ఆయన కోపంగా అనడు, ప్రేమగా అనడు. తన వంతు ఏమీ లేదన్నట్టు అంటాడు. నిర్ణయాలన్నీ చేసి చేసి సుధామణికి యాభై నాలుగేళ్ళకే డెబ్భై ఏళ్ళ అలసట వచ్చింది.

మల్లిక నగరంలో సెల్‌ఫోన్ల షాపులో పనిచేస్తుంది. మర్నాడే ఫోన్లో వెతికి ఒక అల్యూమినియం కంపెనీని పట్టింది. "రివ్యూలు బాగున్నాయమ్మా. ఆళ్ళే వచ్చి కొల్తలు తీస్కుంటారు. ఫ్రీ" అంది. కంపెనీ తరఫున ఒక బర్మా అమ్మాయి వచ్చింది. గోడల మీద ఎర్రటి చుక్క పడే చిన్న యంత్రంతో కొలతలు తీసుకుని, అరగంటలో ఫోను లాంటి పెద్ద పలక మీద కొత్త గది బొమ్మ చూపించింది. తెల్లటి చట్రాలు, మరక లేని అద్దాలు, మూల కుండీలో ఒక మొక్క. మల్లిక కళ్ళు మెరిశాయి. అద్దాలు ఎక్కణ్ణుంచి వస్తాయని సుధామణి అడిగింది. థాయిలాండు నుంచి అంది ఆ పిల్ల. సరిహద్దు దారి మూసి ఉందనీ, తెరవగానే వస్తాయనీ చెప్పింది.

"ఎప్పుడు తెరుస్తారు?"

ఆ పిల్ల తెలియదని నవ్వి, పలక సంచీలో పెట్టుకుంది. తెలియదని ఒప్పుకున్నందుకు సుధామణికి ఆమె మీద మర్యాదే కలిగింది. టీ ఇచ్చి పంపింది.

రెండో మనిషి జోగి. తాకేటాలో ఉంటాడు. గంజాం వైపు వాళ్ళు, ఇంట్లో ఒడియా మాట్లాడుకుంటారు. గుడి తలుపులు చేసినవాడని ఎవరో చెబితే కబురు పెట్టింది. అరవై దాటిన మనిషి, సన్నగా, పొడుగ్గా, భుజాన గుడ్డ సంచీతో బస్సు దిగి నడిచొచ్చాడు. గదిలోకి రాగానే అద్దాల వైపు చూడలేదు. ఇంటి గోడ దగ్గరికి వెళ్ళి అరచెయ్యి ఆనించి నిలబడ్డాడు. వేళ్ళ కణుపులతో అక్కడా అక్కడా తట్టాడు. తర్వాత సంచీలోంచి దారానికి కట్టిన ఇనుప గుండు తీసి పైనుంచి వేలాడదీశాడు. గుండు ఊగడం ఆగే దాకా మాట్లాడలేదు. అదేమీ త్వరగా ఆగలేదు.

"గది సంగతి తరవాత సెల్లీ" అన్నాడు చివరికి. "ముందు గోడ సూడాల. మూల కాణ్ణించి యిడిపోతున్నాది."

"అద్దాలు పగిలితే గోడకేటి?"

"ఈ గదే లాగుతున్నాది గోడని. పైన అద్దాల బరువు అలగున్నాది మరి. ఇన్నేళ్ళు మోసింది, భూమి కదిలేసరికి ఒగ్గేసినాది. గది యిప్పేసి, గోడ కట్టి, అప్పుడు మళ్ళీ ఎయ్యాల. ఇంత గది వొద్దు. సగం సాలు. పైన అద్దం వొద్దు, రేకు ఎయ్యి. ఎలుతురుకి మద్దిలో ఒక తెల్ల రేకు. అద్దాలు రెండు పక్కలే."

సుధామణి వింటూ నిలబడింది. అతను చెప్పేదంతా చెవికి చేరుతోంది గాని లోపలికి తీసుకోవడానికి ఓపిక లేదు. గోడకి ఎంతవుతుంది, ఏ సగం ఉంచాలి, మిషను ఎక్కడ పెట్టాలి, బట్టల బీరువా ఎటు జరపాలి. ఒక పని కోసం పిలిస్తే ఇతను నాలుగు పనులు ముందు పెడుతున్నాడు. పైగా మామగారు కట్టిన గదిలో సగం తీసేస్తానంటున్నాడు.

"ఆలోచించుకుని సెప్తాను అన్నా" అంది.

"తొరగా ఆలోచించు. వానొస్తే గోడకి మంచిది కాదు" అని అతను గుండు చుట్టుకుని వెళ్ళిపోయాడు. టీ కూడా తాగలేదు.

మూడో రోజున కనకరాజు వచ్చాడు. ఇతన్ని పిలవక్కర్లేకపోయింది, తనే వచ్చాడు. పజుండౌంగ్‌లో సుధామణి పుట్టింటికి రెండు గడపల అవతల చిన్నమ్మి అని ఒకామె ఉంది. వరసకి వదిన. ఆమె కొడుకే కనకరాజు. ముప్పై మూడేళ్ళవాడు, అల్యూమినియం కిటికీలు బిగించే సొంత దుకాణం ఉంది. ఎప్పుడూ నవ్వు ముఖం. వస్తూ వస్తూ మేనత్త ఇంటికొచ్చినట్టు అరటిపళ్ళు తెచ్చాడు.

"ఏటత్తా, మనోణ్ణి నేనుండగా కంపెనీలోళ్ళని పిలిసేవట" అన్నాడు. గది చుట్టూ తిరిగాడు, టేపు పట్టాడు, చిన్న కాయితం మీద లెక్క రాసుకున్నాడు. ఉన్నంత గదీ ఉన్నట్టే కట్టిస్తానన్నాడు. పైన కూడా అద్దాలే.

"గోడ యిడిపోయిందంటున్నాడు జోగి" అంది సుధామణి.

కనకరాజు గోడ వైపు చూశాడు. కొంచెం ఎక్కువ సేపే చూశాడు. "పైపూత పగిలిందత్తా. పూసెత్తాను."

"నీళ్ళ పండగ తరవాత మొదలెడితే ఎన్నాళ్ళు?"

"పది రోజులు. నువ్వేటీ సూసుకోనక్కర్లేదత్తా. అన్నీ నేను సూసుకుంటాను."

ఆ ఒక్క మాటకి సుధామణి లొంగిపోయింది. తర్వాత రోజుల్లో తనని తను తిట్టుకున్నప్పుడల్లా ఆమె ఈ క్షణం దగ్గరికే వచ్చి ఆగేది. పని బాగా చేస్తాడనో, సొంతవాడనో కాదు తను ఒప్పుకున్నది. నువ్వేమీ చూసుకోనక్కర్లేదని ఎన్నో ఏళ్ళుగా ఆమెతో ఎవరూ అనలేదు. ఆ మాట విన్నప్పుడు భుజాల్లోంచి ఏదో దిగినట్టనిపించింది. ఆ సాయంత్రమే అడ్వాన్సు ఇచ్చేసింది. జోగికి వద్దని చెప్పే పని మల్లిక మీద పెట్టింది. "ఫోన్ చేసి సెప్పీ. నాకు మాటాడే ఓపిక నేదు."

బర్మా కొత్త సంవత్సరం నీళ్ళ పండగ అయిపోయింది. మరో మూడు రోజులకి కనకరాజు ఇద్దరు పనివాళ్ళతో వచ్చి గది విప్పడం మొదలుపెట్టాడు. మిషను డౌ న్యో వాళ్ళ అరుగు మీదికి చేర్చారు. రెండు రోజుల్లో పైకప్పు దిగింది, ఉత్తరం పక్క దిగింది. కిటికీలకుండే ఇత్తడి గడియలు తోమించి తెస్తానని మూట కట్టుకెళ్ళాడు. మూడో రోజు రాలేదు. నాలుగో రోజు ఫోను మోగి మోగి ఆగింది. అయిదో రోజు నుంచి ఫోను మోగడం కూడా లేదు.

సగం విప్పిన గది బయటికి మరీ దీనంగా కనిపించేది. దారినపోయేవాళ్ళు ఆగి, ఏమైందని అడిగేవారు. సుధామణి అరుగు మీద కుడుతూ ఒకే జవాబు చెప్పేది: పనివాడు వస్తాడు. మధ్యాహ్నం రెండింటికి ఎండ అరుగు మీదికి నేరుగా పడుతుంది. తెల్లబట్ట మీద తెల్లదారం కనిపించక కళ్ళలో నీళ్ళు కారేవి. రోజుకి ఆరు చొక్కాలు కుట్టే మనిషి మూడు దాటలేకపోయింది. ఇరవై జతల బట్టని వేరే దర్జీకి పంపేసింది.

ఒక పొద్దున్న చంద్రరావు డ్యూటీకి వెళ్ళలేదు. పాత చొక్కా తొడుక్కుని, చేతులకి గుడ్డలు చుట్టుకుని, మిగిలిన అద్దాలు ఒక్కొక్కటే ఊడదియ్యడం మొదలుపెట్టాడు. సుధామణి చూసి కూడా ఏమీ అనలేదు, అంటే మానేస్తాడేమోనని. తూర్పు చట్రం దించాక ఆయన పిలిచాడు.

"ఒకసారి ఇలగ రా."

గోడకి ఆనుకుని ఉన్న నిలువు దూలం తీసేసిన చోట పగులు కనిపిస్తోంది. నాలుగు వేళ్ళు పట్టేంత వెడల్పు. అందులోంచి, లోపలి వైపు దాన్ని దాచేసిన వంటింటి అరల్లో అల్యూమినియం గిన్నె, దాని పక్కన ఉప్పు డబ్బా కనిపించాయి. ఇద్దరూ ఆ పగులు ముందు నిలబడ్డారు.

"ఆ ముసలాయన సెప్పేడు" అంది సుధామణి. "సెప్తే నాను యినలేదు."

చంద్రరావు పగులు అంచు వేలితో రాసి చూశాడు. "నన్నడిగేవు. నేనూ ఏటీ అన్నేదు" అన్నాడు. తర్వాత, "రేపు కూడా సెలవెడతాను. గోడ మూల యిప్పి ఇటికలు ఎలగొస్తాయో సూద్దాం" అన్నాడు.

మర్నాడు ఆయన ఆ మూల విప్పేశాక, ఆ మరుసటి రోజు సుధామణి వంతెన దాటే బస్సెక్కి పజుండౌంగ్ వెళ్ళింది. ఏమేం అనాలో దారి పొడుగునా మనసులో పేర్చుకుంది. దుకాణం షట్టరు దించి ఉంది. ముందర మెట్టు మీద చిన్నమ్మి కూర్చుని ఉంది. ముందున్న చేటలో బియ్యం ఉన్నాయి, చేతులు మాత్రం ఒళ్ళో ఉన్నాయి. సుధామణిని చూసి లేవబోయి మళ్ళీ కూర్చుంది.

"ఆడి పేరొచ్చినాది ఒదినా" అంది, అడక్కముందే.

వార్డులో నిర్బంధంగా సైన్యంలోకి తీసుకుపోయేవాళ్ళ జాబితా కట్టారు. అందులో కనకరాజు పేరుంది. తెలిసిన సాయంత్రమే ఒక సంచీతో వెళ్ళిపోయాడు. ఎటు వెళ్ళాడో చిన్నమ్మి చెప్పలేదు. సుధామణి అడగలేదు. వీధిలో ఎవరైనా నడిచొస్తే చిన్నమ్మి మాట ఆపి, వాళ్ళు దాటిపోయే దాకా బియ్యంలో రాళ్ళేరుతున్నట్టు వేళ్ళు కదిపేది.

"నీ పని మద్దిలో ఒగ్గేసి పోయేడు. నాకు మొకం సెల్లక కబురెట్టనేదు" అంది. లోపలికి వెళ్ళి కాయితంలో చుట్టిన మూట తెచ్చింది. ఇత్తడి గడియలు. తోమి ఉన్నాయి. "నీ డబ్బుతో అద్దాలు కొనేసేడు. వెనకాల్నున్నాయి, సూడు. అయి నీయే. బండి మాటాడుకుని పట్టుకుపో."

దారి పొడుగునా పేర్చుకున్న మాటల్లో ఒక్కటి కూడా సుధామణికి అక్కర్లేకపోయింది. మెట్టు మీద ఆమె పక్కన కూర్చుని చేటలో బియ్యం ఏరింది. గంట సేపు ఉండి లేచింది.

ఇంటికి పోయే బస్సు కోసం నిలబడి, రెండు బస్సులు వదిలేసింది. మూడోది తాకేటా వెళ్ళేది వస్తే ఎక్కింది. కాలవ దాటితే తాకేటాయే. దిగి ముగ్గురిని అడిగితే జోగి ఇల్లు తెలిసింది. చెక్కపొట్టు వాసనేస్తున్న చిన్న ఇల్లు. అతను పీట మీద కూర్చుని భోజనం చేస్తున్నాడు.

"కూడు తిన్నావా సెల్లీ?" అన్నాడు తల ఎత్తి. ఎందుకొచ్చావని అడగలేదు.

"తిన్నాను" అని అబద్ధం చెప్పింది సుధామణి. జోగి భార్య ఆ అబద్ధాన్ని పట్టించుకోకుండా కంచం పెట్టి అన్నం వడ్డించింది. సొరకాయ, ఎండు రొయ్యల కూర. సుధామణి నాలుగు ముద్దలు తిన్నాక గాని మాట రాలేదు.

"మీరు సెప్పినట్టే ఉన్నాది గోడ. మా పిల్ల సేత వొద్దనిపించేను. నాను సెప్పుకోవలసింది. తప్పయిపోయినాది."

"ఆ పిల్ల మర్యాదగానే మాటాడినాది" అన్నాడు జోగి. "ఇప్పుడేటి? మొత్తం యిప్పేరా?"

"మా ఆయన యిప్పేడు. ఇటికలు సగం బాగానే వొచ్చినాయి."

జోగి చెయ్యి కడుక్కున్నాడు. ఒక బౌద్ధాశ్రమంలో భూకంపానికి ఒరిగిన మంటపం సరిచేసే పనిలో ఉన్నానన్నాడు. వానల్లోపు ముగించి ఇస్తానని పెద్ద భిక్షువుకి మాట ఇచ్చాడు. దాన్ని వదిలి రావడం కుదరదు. సుధామణి తల ఊపింది. అడగడానికి వచ్చినప్పుడే ఆమె కాదన్న మాట వినడానికి సగం సిద్ధపడి వచ్చింది.

"ఉబో రోజుల్లో మాత్రం అక్కడ సుత్తి పట్టనివ్వరు" అన్నాడు జోగి. వారానికొకసారి వచ్చే బౌద్ధుల పుణ్యదినాలని ఉబో అంటారు. "వానకి ముందు నాలుగున్నాయి. ఆ నాలుగు రోజులూ వొస్తాను. మద్దిలో రోజుల్లో నాను సెప్పిన పని మీ ఆయన సేస్తాడా?"

"సేస్తాడు" అంది సుధామణి. అన్నాక, నిజంగా చేస్తాడా అని అనుమానం వచ్చింది.

చేశాడు. మొదటి ఉబో రోజున జోగి వచ్చి పునాది గీత గీసి, మూల ఎలా కట్టాలో చూపించి, రెండు ఇనప కడ్డీలు గోడలోకి దింపి వెళ్ళాడు. ఆ వారమంతా చంద్రరావు డ్యూటీ నుంచి వచ్చాక ఇటుకలు కడిగాడు, సిమెంటు కలిపాడు, చీకటి పడే దాకా పనిచేశాడు. రెండు వరసలు వంకరగా వచ్చాయి. రెండో ఉబో అయిన కసోన్ పున్నమి నాడు, బర్మా వాళ్ళు బోధిచెట్టుకి పొయ్యడానికి కుండలతో నీళ్ళు మోసుకుని పగోడాకి పోతుంటే, జోగి ఆ వంకర వరసలు ఊడదీసి మళ్ళీ కట్టాడు. చంద్రరావు పక్కన నిలబడి ఇటుకలు అందించాడు. ఇద్దరూ మాట్లాడుకున్నది తక్కువే. అయినా ఆ వారంలో సుధామణి తన భర్త గొంతు ఆ ఏడాది మొత్తం మీద విన్నదానికన్నా ఎక్కువ విన్నది. కడ్డీ ఇంకా లోపలికా, నీళ్ళు ఎక్కువయ్యాయా అని అడుగుతుండేవాడు.

మూడోసారి చట్రాలు. మామగారి టేకులో చెద తినని ముక్కలు ఏరి, జోగి వాటితోనే రెండు పక్కలకి సరిపడా చేశాడు. కనకరాజు కొన్న అద్దాలు పెద్దవి. మామూలు గాజు కనక కోసి సరిపెట్టాడు. కోసేటప్పుడు రెండు పగిలాయి. జోగి వాటిని చూసి నాలిక చప్పరించి, ఇంకొకటి తీసుకున్నాడు. పైన రేకు, నడుమ వెలుతురుకి తెల్ల రేకు. ఆ వారం రెండుసార్లు వాన కొట్టింది. గోడ మీద ప్లాస్టిక్ పట్టా కప్పి ఇంట్లో ముగ్గురూ, డౌ న్యో కలిసి నాలుగు మూలలూ పట్టుకున్నారు. మల్లిక జుట్టంతా తడిసి, "యాబాదే, యాబాదే" అంటూనే ఉంది. పర్వాలేదని దాని అర్థం. ఆమె ముఖం మాత్రం ఏడుపు ముఖంలా ఉంది.

అమావాస్య నాటికి పని అయింది. గది పాతదానిలో సగం. మిషను, ఒక బల్ల, స్టూలు పడతాయి. బట్టల బీరువా వంటింట్లోకి పోయింది. మధ్యాహ్నం దాటితే వెలుతురు తగ్గుతుంది, నాలుగింటికల్లా కళ్ళకి శ్రమ. మామగారు చుట్ట కాల్చుకున్న చోట ఇప్పుడు తడి మట్టి ఉంది. జోగి చివరిసారి గుండు వేలాడదీసి చూసి, సంచీలో పెట్టుకున్నాడు. ఈసారి టీ తాగాడు.

"ఈ వానాకాలం సూడు సెల్లీ. కారితే కబురెట్టు" అన్నాడు.

రెండు చోట్ల కారింది. కబురు పెడితే తర్వాతి ఉబో రోజున వచ్చి ఒక చోట బాగుచేశాడు. రెండో చోటు ఎక్కణ్ణుంచి కారుతోందో అతనికీ అంతుపట్టలేదు. సుధామణి అక్కడొక గిన్నె పెట్టుకుంది. బళ్ళు తెరిచే ముందు ఒప్పుకున్న చొక్కాల్లో పదిహేను ఆలస్యమయ్యాయి. ఇద్దరు తల్లులు కోప్పడ్డారు. ఒకావిడ పాత దర్జీ దగ్గరికే వెళ్ళిపోయింది.

జులైలో ఒక పొద్దున తెలియని నంబరు నుంచి ఫోను వచ్చింది. కనకరాజు. సరిహద్దు అవతల ఎక్కడో చేపల ఫ్యాక్టరీలో ఉన్నాడు. వెనకాల యంత్రాల చప్పుడు. ముందు తల్లిని చూశావా అని అడిగాడు. చూశానంది. ఒళ్ళు బాగానే ఉందంది.

"గదెవులు కట్టేరత్తా?"

"జోగి."

"గోడ సంగతి నాకు ఆ రోజే తెలిసింది" అన్నాడు. "సెప్తే ఈ పని నాకివ్వవనుకున్నాను. అప్పటికి మూడు నెల్లై పన్నేదు నాకు."

సుధామణి కింద పడిన దారపు ఉండ తీసింది. కోపం కోసం లోపల వెతికితే అడుగున కొంచెం ఉంది గాని, పైకి తెచ్చే బలం లేదు. ఆ రోజు తనకి కావలసిన మాటే అతను చెప్పాడు. అతనికి పని కావాలి, తనకి ఎవరైనా భారం తీసుకోవాలి. ఇద్దరూ గోడ వైపు చూడకుండా బేరం కుదుర్చుకున్నారు.

"నువ్వు కొన్న అద్దాలే ఏసేం" అంది. "బాగున్నాయి. తిండి సరిగ్గా తింటన్నావా?"

"తింటన్నాను అత్తా."

ఫోను పెట్టేశాక ఆమె మళ్ళీ మిషను తొక్కలేదు. వాన సన్నగా మొదలై రేకు మీద చప్పుడు చేస్తోంది. పాత గదిలో వాన చప్పుడు వేరేగా ఉండేది, ఇది గట్టిగా ఉంది, ఇంకా అలవాటు కాలేదు. బల్ల కింద కత్తిరింపుల మూట తలకి పెట్టుకుని, అయిదు నిమిషాలు నడుం వాలుద్దామని నేల మీద పడుకుంది. మధ్యాహ్నం ఆమె ఇంకా నిద్రలో ఉండగా డౌ న్యో మనవరాలు లుంగీ అంచు పొడుగైందని తిప్పి పట్టుకొచ్చింది. సెలవు రోజు కనక చంద్రరావు ఇంట్లోనే ఉన్నాడు. గుమ్మంలో అడ్డంగా నిలబడి, గొంతు తగ్గించి, రేపు రమ్మని చెప్పి పంపేశాడు.